మా అత్తయ్య వేట

ఫ్రిస్కోలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఇండియన్ స్టోర్‌లో ఇప్పుడు కౌజు పిట్టలు కూడా దొరుకుతున్నాయి. ఫ్రీజర్ తలుపు తీస్తే మునక్కాడ ముక్కలకీ మలబార్ పరోటాలకీ మధ్య, తెల్లటి ట్రేలో కాళ్ళు ముడుచుకుని, చలికి ఒకదాన్నొకటి హత్తుకుని పడుకున్నట్టు ఉంటాయి. మొన్న శనివారం ట్రాలీ తోసుకుంటూ వచ్చిన మా అమ్మాయి అక్కడ ఆగిపోయి, “అమ్మా, దే ఆర్ సో టైనీ. ఇందులో తినడానికి ఏం ఉంటుంది?” అంది. మీ నానమ్మనడుగు, ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు అన్నాను. దానికి నవ్వొచ్చింది. దానికి తెలిసిన నానమ్మ వేరు. వీడియో కాల్‌లో ఫోన్‌ను నుదుటికి ఆనించుకుని, నెరిసిన పాపిడి ఒక్కటే మాకు చూపిస్తూ, తిన్నావా బంగారూ అని అడిగే మనిషి. ఆ మనిషి ఒకప్పుడు అమెరికా అడవిలో చీరకట్టుతో, చేతిలో విల్లుతో పిట్ట కోసం మాటు వేసిందంటే అది నమ్మలేదు. పార్కింగ్ లాట్‌లో కార్ డిక్కీ తెరిచి పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. సగం కథకే కుల్ఫీ కరిగిపోయింది. మిగతా సగం కూర్చుని రాసుకోవడమే మేలనిపించింది.

పెళ్ళయిన కొత్తలో నేను దిగింది న్యూజెర్సీలో, పార్సిప్పనీలో. అక్కడ మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే ఏ ఇంట్లో ఏం కూర వండుతున్నారో వాసన బట్టి చెప్పేయొచ్చు. ఆ సుఖం ఏడాదైనా నిలవలేదు. మా ఆయన ప్రసాద్‌కి ప్రాజెక్ట్ అయిపోయింది. కొన్నాళ్ళు బెంచ్ మీద గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక, విస్కాన్సిన్‌లో ఉత్తరం కొసన ఎక్కడో ఒక చిన్న ఊళ్ళో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పని దొరికింది. ఊరంటే ఒక మెయిన్ రోడ్డు, ఒక గ్యాస్ స్టేషన్, చుట్టూ అడవి. మొత్తం ఊరికి మేమొక్కరమే తెలుగువాళ్ళం. కరివేపాకు కావాలంటే పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావాలి. నాది డిపెండెంట్ వీసా. ఎంసీఏ చదివి వచ్చినా ఉద్యోగం చేయడానికి లేదు. ప్రసాద్ ఆఫీస్‌కి వెళ్ళగానే ఇల్లు ఒకసారి, ఏమీ తోచక ఇంకోసారి తుడిచి, కిటికీలోంచి ఎదురింటి ముసలాయన చెత్త డబ్బా ఎప్పుడు లోపలికి తీసుకెళ్తాడా అని చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ ఊళ్ళో సెప్టెంబర్ వచ్చిందంటే మగాళ్ళకి ఇంకో మాట ఉండదు, వేటే. ప్రసాద్ ఆఫీస్‌లో మేనేజర్ దగ్గర్నుంచి క్యాంటీన్ మనిషి దాకా అందరూ జింకల గురించీ గ్రౌస్‌ల గురించీ మాట్లాడుతుంటే మధ్యలో ఇతనొక్కడూ నోట్లో నాలుక లేనివాడిలా కూర్చోవాల్సి వచ్చేది. గ్రౌస్ అంటే ఆ అడవుల్లో తిరిగే పిట్ట. మన నాటు కోడిపెట్టలో సగం ఉంటుంది, ఎండుటాకు రంగు, మెడ చుట్టూ నల్లటి ఈకల కాలర్, కోపమొస్తే తోకను విసనకర్రలా విప్పుతుంది. సరే, తనూ వేటకి వెళ్తానన్నాడు ప్రసాద్. పార్సిప్పనీ స్నేహితులకి ఫోన్ చేస్తే వాళ్ళు బెదరగొట్టేశారు. వీసా మీద ఉన్నవాడివి గన్ ముట్టుకున్నావంటే గ్రీన్ కార్డ్ గోవిందా అన్నారు. అందులో నిజమెంతో ఎవరికీ తెలీదు, అడిగి తెలుసుకునే ధైర్యమూ లేదు. అలా మా ఇంట్లోకి తుపాకీ బదులు విల్లు వచ్చింది. వేట లైసెన్స్ కోసం ఒక హాల్లో స్కూలు పిల్లల మధ్య పొట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని క్లాసు విన్నాడు, పరీక్ష పాసయ్యాడు. తర్వాత ప్రతి శనివారం పొద్దున్నే వెళ్ళడం, మధ్యాహ్నానికి బట్టల నిండా ముళ్ళకాయలు అంటించుకుని ఉత్తి చేతులతో రావడం. బాణాలు మాత్రం వారానికి రెండు చొప్పున అడవికి సమర్పించుకునేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చారు మా అత్తయ్య. మామయ్యగారికి పొగాకు పనులు తెమలక ఆయన ఒంగోలు పక్కన పల్లెలోనే ఉండిపోయారు, ఆవిడ ఒక్కరే ఎవరి చెయ్యో పట్టుకుని విమానాలు మారి వచ్చేశారు. పెళ్ళిలో తప్ప ఆవిడతో నాకు పట్టుమని పది రోజుల పరిచయం లేదు. వస్తూనే ఇల్లంతా ఆవిడ వాసన అయిపోయింది. కొబ్బరినూనె, నేతిలో వేయించిన కారప్పొడి, సూట్‌కేస్‌లోంచి తీసిన ప్రతి చీరలోనూ కర్పూరం. తెల్లారకముందే లేచి, నేను లేచేసరికి కాఫీ కాచి, గిన్నెలు కడిగి, వంటగట్టు తుడిచి, ఇంక నాకేం పని మిగల్చకుండా కూర్చునేవారు. తాలింపు వేస్తే చాలు, పొగకి అలారం కూసేది. మొదటిసారి భయపడ్డారు గానీ ఆ తర్వాత ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో టవల్ పట్టుకుని, పోపు వేస్తూనే టవల్‌తో విసిరి అలారం నోరు మూయించడం నేర్చుకున్నారు. కానీ మా ఇద్దరి మధ్యా మాటలు నడిచేవి కావు. ఉప్పు ఎక్కడుంది, అబ్బాయి ఎన్నింటికి వస్తాడు, అంతే. ఇద్దరం పని లేని ఆడవాళ్ళం, ఒకే సోఫా మీద ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. ఆవిడ నన్ను చూసి ఏమనుకుంటున్నారో అని నాకు బెంగగా ఉండేది.

ఒకరోజు బట్టల అలమరలో పెట్టిన ప్రసాద్ విల్లు ఆవిడ కంట పడింది. చక్రాలూ తాళ్ళూ ఉన్న ఆ కొత్త రకం విల్లును అటూ ఇటూ తిప్పి చూసి, తాడును వేలితో ఒకసారి మీటారు. ఆ పూట మొదటిసారి ఆవిడ నాతో కడుపు నిండా మాట్లాడారు. వాళ్ళ నాయన పిట్టల్ని ఉండవిల్లుతో కొట్టేవాడట. అందులో బాణం ఉండదు. తాడు మధ్యలో చిన్న నారపట్టీ, దాంట్లో పెట్టి కొట్టేది మట్టి ఉండ. చెరువు మట్టి మెత్తగా పిసికి, గోలీల్లా చుట్టి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాత ఎండలో పెట్టి ఉండలు చెయ్యడం అత్తయ్య పని. సంచి మోయడం, పడిన పిట్టను కంపలో దూరి వెతికి తేవడం కూడా ఆవిడ పనే. కందిచేలల్లో పూరేడు పిట్టలు, గట్ల మీద కౌజులు. ఇప్పుడక్కడ ఆ పని చేస్తే జైల్లో వేస్తారు గానీ అప్పట్లో అడిగేవాడు లేడు. ఆవిడకి ఏ పొదలో ఏ పిట్ట ఉందో నాయనకన్నా ముందు తెలిసేదట. అయినా విల్లు చేతికిచ్చింది మాత్రం ఆవిడకన్నా చిన్నవాడైన తమ్ముడికి. అడిగితే, ఆడపిల్లవి, నీకెందుకమ్మా, నువ్వు పిట్ట తేవే అన్నాడట నాయన. తమ్ముడు ఈనాటికీ పెళ్ళిళ్ళలో పదిమందినీ కూర్చోబెట్టుకుని తన వేట కథలు చెబుతాడట. వాటిలో అక్క సంచి మోస్తూ వెనకాల నడుస్తుంది.

ఇదంతా ఆవిడ ఏ నిష్ఠూరమూ లేకుండా, నవ్వుతూనే చెప్పారు. చివర్లో మాత్రం విల్లును అలమరలో పెట్టేస్తూ, నా వైపు చూడకుండా అన్నారు. “ఒక్కటంటే ఒక్కటి నా చేత్తో కొట్టాలని ఉండేదమ్మాయ్. అరవై ఆరు నిండినా ఇంకా ఉంది, చూడు ఎంత సిగ్గుచేటో.”

సిగ్గుచేటు అనిపించలేదు నాకు. ఆ మాట విన్నాక ఆవిడ మీద భయం పోయింది. ఆ సాయంత్రం ప్రసాద్‌తో చెబితే అతను నవ్వేస్తాడనుకున్నాను గానీ, తల గోక్కుని, అమ్మ ఆ విల్లు లాగలేదు, నాకే భుజం పట్టేస్తోంది, కార్ల్‌ని అడుగుదాం అన్నాడు. కార్ల్ అంటే నేను రోజూ కిటికీలోంచి చూసే ఎదురింటి ముసలాయనే. రిటైరైన పోస్ట్‌మ్యాన్, భార్య పోయింది, ఇంటి వెనక నుంచి వాగు దాకా కొంత సొంత అడవి ఉంది. ఆయన భుజానికి ఆపరేషనై విల్లు లాగడం మానేసి క్రాస్‌బో కొనుక్కున్నాడు. తుపాకీ కర్ర మీద విల్లును అడ్డంగా బిగించినట్టుంటుంది అది. ఒకసారి తాడు లాగి కొక్కేనికి తగిలిస్తే చాలు, ఆ తర్వాత తుపాకీలాగే గురి చూసి మీట నొక్కడమే. అప్పట్లో ఆ రాష్ట్రంలో అది అందరూ వాడటానికి లేదు. ఒంట్లో సరిగ్గా లేనివాళ్ళూ, అరవై అయిదు దాటినవాళ్ళూ మాత్రమే వాడాలి. జీవితంలో ముసలితనం కలిసొచ్చింది ఇక్కడొక్కచోటేనే అని అత్తయ్య మురిసిపోయారు. లైసెన్స్ ఇచ్చే కౌంటర్ దగ్గర పాస్‌పోర్ట్‌లో పుట్టిన ఏడు చూసి, అంత ముందు పుట్టినవాళ్ళకి క్లాసు కూడా అక్కర్లేదన్నారు. పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాసొచ్చిన ప్రసాద్ ముఖం చూడాలి అప్పుడు.

కార్ల్ ఇంటి వెనక గడ్డిమోపు పెట్టుకుని సాధన మొదలైంది. మొదటిరోజే తెలిసింది, ఆ తాడు లాగడం అత్తయ్య వల్ల కాదు, భుజం మళ్ళీ పట్టేసిన కార్ల్ వల్లా కాదు. ముందున్న ఇనుప రికాబులో పాదం పెట్టి తొక్కి, రెండు పిడులున్న చిన్న మోకును తాడుకి తగిలించి, నడుము నిటారుగా ఉంచి రెండు చేతులతో పైకి లాగాలి. టిక్కుమని చప్పుడైతే పడినట్టు. ప్రసాద్ ఆఫీస్‌లో ఉంటాడు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఒక చెయ్యి కాస్త ఎక్కువ లాగినా తాడు ఓ పక్కకి కూర్చుని పొట్టి బాణం అడ్డదిడ్డంగా పోయేది. రెండు చేతులూ సమంగా రావాలని కార్ల్ రోజూ నా వెనక నిలబడి చెప్పేవాడు. అరచేతులు బొబ్బలెక్కాయి, అత్తయ్య రాత్రి వెన్న రాసేవారు. ఆవిడ గురి మాత్రం మొదట్నుంచీ నిలకడగానే ఉంది. ఇక్కడికి వచ్చే ముందు కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఆ కొత్త కన్నంటే ఆవిడకి మహా గర్వం. క్రాస్‌బో బరువుకి చెయ్యి వణుకుతోందని అడవిలో ఒక పంగలకర్ర నరికి తెచ్చుకుని, దాన్ని నేలలో గుచ్చి, పంగ మీద విల్లు ఆనించేవారు. కార్ల్ దగ్గర మడతపెట్టే ఖరీదైన అల్యూమినియం కర్ర ఉంది. దాన్ని ఆవిడ కన్నెత్తి చూడలేదు.

పిట్టల్ని కొట్టే బాణానికి మొన ఉండదు. చివర రబ్బరు బుడిపె ఉంటుంది, తగిలితే దెబ్బకే పిట్ట పడిపోతుంది. కూర్చున్న పిట్టను కొట్టడం మర్యాద కాదని తుపాకీవాళ్ళు అంటారు గానీ బాణానికి ఆ మర్యాద వర్తించదని కార్ల్ వివరించాడు. అత్తయ్యకి నేను తెలుగులో చెబితే, నిలబడ్డదాన్ని కొట్టకపోతే ఎగిరేదాన్ని కొట్టడానికి నేనేమన్నా అర్జునుణ్ణా అన్నారు. ఆయన ఇంగ్లీషులో, ఈవిడ తెలుగులో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. మొదట్లో నేను మధ్యలో దూరి అనువాదం చేసేదాన్ని, తర్వాత మానేశాను. వాళ్ళకి నా అవసరం లేకుండానే గడిచిపోతోంది.

అంతా కుదిరిందనుకునే వేళకి దసరా వచ్చింది. అక్కడే తల ప్రాణం తోకకొచ్చింది. పండగనాడు పొద్దున్నే అత్తయ్య ఆయుధపూజ చేశారు. వంటింట్లో చాకులూ, కార్ తాళాలూ, ప్రసాద్ లాప్‌టాపూ వరసగా పెట్టి, అన్నిటికన్నా మధ్యలో పీట మీద కార్ల్ ఇచ్చిన క్రాస్‌బో. చాకులకి చిన్న బొట్టుతో సరిపెట్టారు గానీ దానిమీద మాత్రం భక్తి పొంగిపోయింది. చక్కగా గంధం తీసి, బాణం జారే గాడి పొడుగునా పూసి, పైన కుంకుమ అద్ది, అక్షింతలు చల్లారు. నేను పక్కనే ఉండి హారతి పట్టాను. మర్నాటికి గంధం గాడిలో సున్నంలా గట్టిపడింది. ఎండిపోయిందిలే అనుకుని గడ్డిమోపు మీదికి వదిలితే సాధనకి వాడే మొన ఉన్న బాణం గాడిలో తట్టుకుని వంకరపోయి, కార్ల్ వరండా మెట్ల మీద ముచ్చటగా పెట్టుకున్న గుమ్మడికాయలో దిగబడింది. ఆయన కాసేపు గుమ్మడికాయను చూశాడు, కాసేపు విల్లును చూశాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మా దేశంలో ఏడాదికోసారి పనిముట్లకి దండం పెట్టుకుంటామని చెప్పాను. ఆ మధ్యాహ్నమంతా పాత టూత్ బ్రష్‌తో గాడి తోముతూ కూర్చున్నాడు. సాయంత్రం తన రంపాన్నీ సుత్తినీ తెచ్చి, వీటికి కూడా చేసిపెట్టమని అత్తయ్య ముందు పెట్టాడు.

అడవిలోకి వెళ్ళేటప్పుడు ఆవిడ వేషం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. నేత చీర, లోపల ప్రసాద్ ఉన్ని ప్యాంటు, పైన స్వెటర్, ఆ మీద ప్రసాద్ జాకెట్, దానిమీద వేరే వేటగాళ్ళకి దూరం నుంచే కనబడాలని కార్ల్ ఇచ్చిన నారింజ రంగు చొక్కా, కాళ్ళకి నా బూట్లు. చేతి గాజులు గలగలమంటే పిట్ట నిలబడదు. తియ్యండత్తయ్యా అంటే, మీ మామయ్య నిక్షేపంలా ఉండగా గాజులెందుకు తీస్తానే అని కసిరారు. చివరికి గాజులన్నిటినీ మోచేతి దాకా పైకి తోసి, కొత్తిమీర కట్టలకి వచ్చే రబ్బరు బ్యాండ్లు వేసి, పైన స్వెటర్ చెయ్యి లాగాం. కార్ల్ ముందు, అత్తయ్య మధ్యలో, నేను వెనకాల సంచితో. ఎండుటాకుల మీద తేమ, పుట్టగొడుగుల వాసన, ఆస్పెన్ చెట్ల పసుపు. పొద్దుటి పూట గ్రౌస్‌లు దారి పక్కకి వచ్చి, తిన్నది అరగడానికి గులకరాళ్ళు మింగుతాయి. మనం ఆగితే అవీ ఆగుతాయి, కదిలితే భర్రుమని గుండె జారిపోయేలా లేస్తాయి. చాలా రోజులు మాకు వినబడింది ఆ భర్రు ఒక్కటే.

ఒకసారి దొరికినంత పనైంది. ఫెర్న్ మొక్కల మధ్య ఒకటి నిలబడి మెడ సాచింది. అత్తయ్య మీట నొక్కారు, బాణం దాని వీపు మీదుగా పోయింది. అది ఎగరలేదు. రెండడుగులు నడిచి మళ్ళీ నిలబడి చూసింది, ఆ పిట్టకి తెలివి తక్కువ. నేను విల్లు అందుకుని మోకు తగిలించి లాగబోతే కంగారులో పాదం రికాబులోంచి జారి, విల్లుతో సహా పొదలో కూలబడ్డాను. పిట్ట ఆ తమాషా పూర్తిగా చూసి మరీ ఎగిరిపోయింది. అత్తయ్య నా జుట్టులోంచి ఆకులు తీశారు. ఇంటికొచ్చాక మాత్రం నేను కార్ల్ పెరట్లోకి పోయి చీకటి పడేదాకా ఆ తాడు లాగుతూనే ఉన్నాను. మీ అమ్మ పిట్ట ఎగిరిపోవడానికి నా కాలే కారణమైందని ప్రసాద్ దగ్గర ఏడ్చేశాను. ఆవిడ తిరుగు టికెట్ దగ్గరపడింది. టికెట్ మార్చుదామంటే ఆ వెనకే జింకల తుపాకీ సీజన్ మొదలవుతుంది, అప్పుడు ఈ అడవిలోకి మిమ్మల్ని అడుగు పెట్టనివ్వనని కార్ల్ ఖచ్చితంగా చెప్పేశాడు. ఆవిడ చిన్నప్పట్నుంచీ దాచుకున్న కోరిక ఒక విమానం టైముకి ముడిపడింది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు తెల్లారి చూస్తే నేలంతా పల్చగా మంచు పడి ఉంది. సూట్‌కేసులు సర్దుకోవాలి, వద్దులే అన్నారు అత్తయ్య. నేనే బూట్లు తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాను. వాగు దాకా పోయినా ఏమీ కనబడలేదు. తిరిగొస్తుంటే అత్తయ్య ఆగిపోయి, ముందు నడుస్తున్న కార్ల్ జాకెట్ పట్టుకుని లాగారు. వేలు చూపించిన చోట నాకు ఏమీ కనబడలేదు, ఆయనకీ కనబడలేదు. కాసేపటికి, పడిపోయిన చెట్టు మొద్దు పక్కన, ఆకుల్లో ఒక ఆకు కన్నార్పింది. అత్తయ్య పంగలకర్ర గుచ్చి విల్లు ఆనించారు. బాణం వెళ్ళి మొద్దుకి తగిలి ఎగిరి పడింది. పిట్ట ఉలిక్కిపడి మొద్దు మీదికెక్కి, తోక విప్పి, మా వైపే చూస్తూ నిలబడింది.

అత్తయ్య దాని మీంచి చూపు తిప్పకుండానే విల్లు వెనక్కి అందించారు. నేను పాదం పెట్టాను, మోకు తగిలించాను, ఊపిరి బిగబట్టి రెండు చేతులూ సమంగా లాగాను. టిక్కుమంది. ఆ చప్పుడు నా చెవులకి పిడుగులా వినబడింది, పిట్ట మెడ ఇంకాస్త సాచింది గానీ కదల్లేదు. బాణం పెట్టి ఇచ్చాను. ఆ తర్వాత ఎంతసేపు పట్టిందో చెప్పలేను. దిండు మీద గుద్దినట్టు చప్పుడైంది, మొద్దు మీద పిట్ట లేదు.

విల్లు నా చేతుల్లో పడేసి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, అత్తయ్య పరుగెత్తారు. అరవై ఆరేళ్ళ మనిషి, మంచు మీద. పిట్ట పడితే పరుగెత్తడమే ఆ కాళ్ళకి తెలిసిన పని. సగం దూరం పోయాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయారు. నెమ్మదిగా కుచ్చిళ్ళు దించి, చీర సర్దుకుని, నా వైపు తిరిగి నిలబడ్డారు.

“అమ్మాయ్, పోయి పిట్టను తీసుకురా,” అన్నారు.

నేను పరుగెత్తాను. నా జీవితంలో ఎవరు చెప్పిన పనీ అంత సంతోషంగా చేసి ఎరగను. పిట్ట వెచ్చగా, నేననుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. తెచ్చి ఆవిడ చేతుల్లో పెడితే, ఈకలు నిమిరి, కళ్ళకి అద్దుకున్నారు. కళ్ళు తడిగానే ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. కార్ల్ టోపీ తీసి ఆవిడకి షేక్ హ్యాండ్ ఇచ్చాడు. అక్కడి పద్ధతిలో రెక్కల మీద కాళ్ళు పెట్టి తొక్కి లాగితే చర్మంతో సహా అంతా ఊడి రొమ్ముమాంసం ఒక్కటే చేతికొస్తుందట. ఆయన చేసి చూపించబోతే అత్తయ్య పిట్టను లాక్కుని గుండెకి హత్తుకున్నారు. ఎముకా తోలూ లేకపోతే అది ఇగురెట్టా అవుతుందని ఆయన్ని తెలుగులోనే కడిగేశారు. కార్ల్ ఇంటి వెనకే అత్తయ్య మంట వేసి, ఈకలు పీకి, నిప్పుల సెగ మీద కమర్చి, పసుపు రాసి, ముక్కలు కొట్టారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో లవంగాలూ ధనియాలూ ఎండుకొబ్బరీ వేగిన వాసన, అలారం కూత, టవల్ విసుర్లు. అంత చిన్న పిట్టకి అంత పెద్ద వంట. నలుగురం కూర్చున్నాం. ప్రసాద్ కాలు ముక్క మీద చెయ్యి వెయ్యబోతే ఆవిడ గరిటెతో ఒక్కటిచ్చారు. వాళ్ళ నాయన ఇంట్లో కొట్టినవాళ్ళు ముందు తీసుకున్నాకే మిగతావాళ్ళు. ఆవిడ కార్జం ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలారు. చిన్నప్పుడు ఆవిడ వంతుకి ఎప్పుడూ మెడ ముక్కే వచ్చేదని నాకు ఆ తర్వాతెప్పుడో చెప్పారు. కార్ల్ కారానికి ముక్కు తుడుచుకుంటూ, మంచినీళ్ళు తాగుతూ, గిన్నె అడుగు దాకా తిన్నాడు.

భోజనాలయ్యాక కాలింగ్ కార్డ్ గీకి, నంబర్లన్నీ నొక్కి, ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ కలిపి ఇచ్చాను. అక్కడ తెల్లవారింది. నాకు ఆగడం లేదు, ఆవిడ ఎలా చెబుతారా అని పక్కనే కూర్చున్నాను. తమ్ముడి మోకాళ్ళ నొప్పులు విన్నారు. బోరులో నీళ్ళు అడుగంటడం విన్నారు. పొగాకు రేటు విన్నారు. ఏం తిన్నావక్కా అని అతను అడిగింది నాకూ వినబడింది. అన్నం, కూర అన్నారు. కార్డ్‌లో నిమిషాలు అయిపోతున్నాయని మధ్యలో ఆడమనిషి గొంతు హెచ్చరించింది, ఉంటానురా అని పెట్టేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. పిట్ట సంగతి చెప్పలేదేం అత్తయ్యా అన్నాను.

“చెబితే దాన్నీ తీసుకుపోయి వాడి కథల్లో కలిపేసుకుంటాడే. ఇది నాది, నా దగ్గరే ఉండనీ,” అని గిన్నెలు సర్దడానికి లేచారు.

ఆవిడ వెళ్ళిపోయాక ఆ ఊరు నాకు ముందున్నంత ఒంటరిగా లేదు. కొన్నాళ్ళకి కార్ల్ క్రాస్‌బో నా చేతికే ఇచ్చి నేర్పించబోయాడు, లైసెన్స్ కోసం పిల్లల క్లాసులో నేనూ కూర్చున్నాను. నాకు గురి రాలేదు, తాడు లాగడంలోనే పేరు తెచ్చుకున్నాను. తర్వాత ఉద్యోగాలు, వీసాలు, ఇళ్ళు మారుతూ ఇక్కడికొచ్చి పడ్డాం. ఇక్కడ పెరట్లో గడ్డి వేలెడు పెరిగినా కమ్యూనిటీవాళ్ళు నోటీసు పంపిస్తారు, పిట్టలు ఫ్రీజర్‌లో శుభ్రంగా, ఎవరూ పరుగెత్తక్కర్లేకుండా దొరుకుతాయి. సుఖంగానే ఉంది, కాదనను. కానీ ఆ చలికాలం ముందు, ఇద్దరు పని లేని ఆడవాళ్ళం ఒకే పిట్ట కోసం ఊపిరి బిగబట్టిన ఆ పొద్దుట నాకు అందినదేదో ఈ ఊళ్ళో ఇంకా అందలేదు. ఆవిడకి నేను కోడలినైంది పెళ్ళిపీటల మీద కాదు, ఆ టిక్కుమన్న చప్పుడుతోనే అనిపిస్తుంది.

ఇదంతా రాయాలని అనుకున్నాక మాట అడగకుండా రాయడం బాగుండదని మొన్న ఫోన్ చేశాను. ఎప్పటిలాగే నాకు పాపిడి మాత్రమే కనబడింది. ఇన్నేళ్ళు మీ దగ్గరే పెట్టుకున్నారు, ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది, మీ తమ్ముడికి కూడా, మరి రాయనా వద్దా అన్నాను. ఫోన్ కిందికి దిగి, ముడతలు పడ్డ కళ్ళు రెండూ తెర నిండా కనిపించాయి. అవి నవ్వుతున్నాయి.

“రాసుకో అమ్మాయ్,” అన్నారు. “వాడు పుస్తకాలు చదవడు.”